గట్టు మీది నడక, పరికరం లెక్క

మనిషి ఒక చోటి నుంచి మరో చోటికి తనంతట తాను వెళ్ళగలగడం, కూర్చున్న చోటి నుంచి ఆసరా లేకుండా లేవగలగడం, వంగి నేల మీది వస్తువును అందుకోగలగడం, నెత్తిన బరువుతో తూలకుండా నిలవగలగడం, వీటన్నిటినీ కలిపి వైద్యశాస్త్రం చలనసామర్థ్యం అంటుంది. ఇది తగ్గడం తనంతట తానుగా ఒక జబ్బు కాదు. కీళ్ళవాతం, పక్షవాతం, పార్కిన్సన్స్, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, తుంటి ఎముక విరగడం వంటి ఒకదానితో ఒకటి పోలిక లేని బాధలన్నీ చివరికి బయటపడేది నడకలోనే. అయితే వైద్యుడు రోగి నడకను చూసేది గది తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా మాత్రమే కాబట్టి, తక్కిన రోజంతా ఆ మనిషి ఎలా కదిలాడన్నది రోగి చెప్పే నాలుగు మాటల మీదే ఆధారపడుతుంది. నడుముకో మణికట్టుకో కట్టుకునే చిన్న పరికరాలతో ఆ కనపడని భాగాన్ని కొలిచే పరిశోధన గత రెండు దశాబ్దాల్లో బలపడింది. కదలికలో ఏ భాగాన్ని కొలవాలి, ఏ మార్పును మేలు అనాలి అన్నది పరికరం తయారుచేసినవారు కాక రోగులే ముందుగా చెప్పాలనే పట్టుదల ఆ పరిశోధనలో ఇటీవల మొదలైంది. ఇటువంటి దాన్నే రోగి కేంద్రిత పరిశోధన అంటారు.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ పట్టుదలకు ఎంత అర్థముందో తెలియాలంటే ఇక్కడి పని స్వభావాన్ని గుర్తు చేసుకోవాలి. నల్లరేగడి నేలల్లో మిరప, పత్తి ప్రధానమైన ఈ ప్రాంతంలో సంక్రాంతి దాటిన తరువాత మిరప కోతలు ముమ్మరమవుతాయి. పశ్చిమ ప్రకాశం, కర్నూలు వైపు మెట్ట ఊళ్ళ నుంచి కూలీల ముఠాలు గుంటూరు, పల్నాడు గ్రామాలకు తరలివస్తాయి. కోత కోసే మనిషి ఉదయం నుంచి సాళ్ళ మధ్య నడుం వంచి, ఒక అడుగు వేసి ఆగి, కాయలు తెంపి, మళ్ళీ ఒక అడుగు వేస్తుంది. కళ్ళంలో ఎండిన కాయల్లోంచి తాలు ఏరేటప్పుడు గంటల తరబడి గొంతుక్కూర్చుంటుంది. పత్తి తీసేటప్పుడు నడుముకు కట్టుకున్న ఒడి నిండేకొద్దీ ముందుకు లాగే బరువుతో కదులుతుంది. ఇక్కడ కాళ్ళు, నడుము బాగున్నాయనడానికి అర్థం దూరం నడవగలగడం ఒక్కటే కాదు. సాయంత్రం దాకా వంగి ఉండి, ఆపైన గట్టు మీదుగా బరువుతో ఆటో దాకా రాగలగడం కూడా అందులో భాగమే.

కదలికను చూసి జబ్బును పట్టుకోవడం ఈ నేలకు కొత్త సంగతి కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా తొలిసారి నమోదు చేసింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో; 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలే ఆ గడ్డ. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరైన సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి 1937లో ప్రచురించిన వ్యాసం దీనికి మూలం. శాస్త్రవేత్తలకంటే ముందే రైతులు తమ ఎడ్లు కీళ్ళు బిగిసి నడవలేకపోవడాన్ని గమనించారని ఈ వ్యాధి చరిత్ర చెబుతుంది. కాడి కట్టిన ఎద్దు చాలులో ఎక్కడ అడుగు తడబడుతోందో, ఏ కాలు ఈడ్చుతోందో రోజూ వెనక నడిచేవాడికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? రోజువారీ కదలికను ఇంటి దగ్గర, పని మధ్యలో, దీర్ఘకాలం గమనించడమే నేటి పరిశోధన కోరుకునేదైతే, ఆ పద్ధతి ఎప్పుడో పొదిలి, దర్శి చేలల్లో పరికరం లేకుండానే నడిచింది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకుమించిన నీటిని ఏళ్ళ తరబడి తాగినప్పుడు ఎముకలు గట్టిపడి, వెన్నుపూసలను పట్టి ఉంచే స్నాయువుల్లో సున్నం పేరుకొని, వెన్ను వెదురు కర్రలా బిగుసుకుంటుంది. మెడ తిరగదు, నడుం వంగదు, చివరికి కూర్చోవడం, లేవడం కూడా ఇతరుల చేతుల మీదుగా సాగుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో నాటి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరోసిస్ ప్రాంతాల్లోని మరో వైకల్యాన్ని వివరించారు; మోకాళ్ళు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు వంకరపోవడం దాని లక్షణం. 2008–09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఆ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే పరీక్షలు మూడే: మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణేన్ని తీయడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మోచేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకడం. ఖర్చు ఒక నాణెం మాత్రమే. పొలం పనిలో, స్నానంలో, జుట్టు ముడి వేసుకోవడంలో అవసరమయ్యే కదలికలకు ఇంత దగ్గరగా ఉన్న పరీక్షలు ఖరీదైన ప్రయోగశాలల్లో కూడా తక్కువే. అయితే అవి అవును, కాదు అనే రెండు సమాధానాలే ఇస్తాయి. నిరుటికీ ఈ ఏటికీ నడుం ఎంత బిగిసిందో, నీరు మారిన తరువాత ఎంత సడలిందో వాటితో తేలదు.

ఆసుపత్రుల్లో వాడే ప్రామాణిక పరీక్షలు అంకెలు ఇస్తాయి కానీ వాటి చిక్కు వేరు. ఆరు నిమిషాల నడక పరీక్షలో రోగి 30 మీటర్ల చదునైన వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళాడో కొలుస్తారు. 1991లో ప్రతిపాదితమైన మరో పరీక్షలో రోగి చేతుల కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సెకన్లను లెక్కిస్తారు. రెండూ ఉపయోగకరమైనవే గాని, వైద్యుడు చూస్తున్నప్పుడు మనిషి తన శక్తికొద్దీ నడుస్తాడు, ఇంట్లో అలా నడవడు. పైగా నులకమంచం మీదో పీట మీదో కూర్చునే మనిషికి చేతుల కుర్చీ తన జీవితంలోని వస్తువు కాదు. ఈ తేడాను గుర్తించినవారు దేశంలో ముందే ఉన్నారు. కీళ్ళవాత రోగుల దైనందిన ఇబ్బందులను అంచనా వేసే ఒక పాశ్చాత్య ప్రశ్నావళిని భారతీయ వైద్యులు ఇక్కడి జీవనానికి తగినట్టు మార్చి 2002లో ప్రచురించినప్పుడు, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం, నేల మీద మఠం వేసుకుని కూర్చోవడం, మూడు కిలోమీటర్లు నడవడం అందులో చేరాయి. ప్రశ్న మారితే సమాధానం మారుతుంది. కొలతకూ ఇదే వర్తిస్తుంది.

ఇక పరికరం సంగతి. అగ్గిపెట్టె కంటే చిన్నదైన పెట్టెలో యాక్సిలరోమీటర్ అనే భాగం ఉంటుంది. ఇది వేగంలో వచ్చే మార్పును పసిగట్టేది. సిలికాన్‌తో చేసిన అతిసూక్ష్మమైన దూలం ఒకటి కదలికను బట్టి ఊగుతుంటే, ఆ ఊగును విద్యుత్ సంకేతంగా మార్చి సెకనుకు పదుల సార్లు, తరచూ వంద సార్లు నమోదు చేస్తుంది. గైరోస్కోప్ అనే మరో భాగం శరీరం ఎటు, ఎంత వేగంగా తిరిగిందో చెబుతుంది. మనిషి కదలకుండా ఉన్నప్పుడు కూడా యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణను పసిగడుతూనే ఉంటుంది కాబట్టి, నడుముకు కట్టినప్పుడు ఆ మనిషి నిటారుగా ఉన్నాడా, వంగి ఉన్నాడా, పడుకున్నాడా అన్నది కూడా ఆ అంకెల్లోనే దాగి ఉంటుంది. ఆ అంకెల గుట్టలోంచి అడుగును, నడక విడతను, వేగాన్ని వేరుచేసే లెక్కల పద్ధతిని అల్గారిథమ్ అంటారు. నిజానికి కొలత జరిగేది పరికరంలో కాదు, ఈ లెక్కలో. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడే ఉంటాయి. ఏ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలన్నదీ అటువంటి నిర్ణయమే: రోజుకు పదివేల అడుగులు అనే ప్రసిద్ధమైన లక్ష్యం వైద్య పరిశోధన నుంచి వచ్చింది కాదు, 1965లో జపానులోని యమాసా సంస్థ అమ్మిన మంపోకే అనే అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఆ మాటకు అర్థమే పదివేల అడుగుల మీటరు. అమ్మకం కోసం పెట్టిన పేరు ప్రపంచమంతటికీ ఆరోగ్య సూత్రమైపోయింది.

ఈ రంగంలో ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రయత్నం ఐరోపాది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ రోచెస్టర్ నాయకత్వంలో 2019లో మొదలైన మొబిలైజ్-డి అనే ఐదేళ్ళ పథకం, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి, తుంటి ఎముక విరిగినవారి నడకను ఇంటి దగ్గరే కొలిచే పద్ధతులను పరీక్షించింది. పాల్గొన్నవారు నడుం వెనుక ఒకే పరికరం కట్టుకుని వారం రోజులు తమ మామూలు జీవితం గడిపారు. ఆ పథకంలో మెచ్చుకోదగ్గ భాగం పరికరం కంటే రోగుల సలహా బృందం, రోగులు తమ నడక గురించి చెప్పిన మాటలను ప్రపంచ పరిశోధనల నుంచి కూడగట్టి 2023లో ప్రచురించిన అధ్యయనం. నడక శరీరానికి మాత్రమే సంబంధించింది కాదని, అది మనసుకు, నలుగురిలో ఉన్నప్పుడు కలిగే భావనకు, తానెవరన్న ఎరుకకు, నడిచే చోటుకు కూడా ముడిపడి ఉందని, నడక చెడిన తరువాతే మనిషికి నడక గురించి స్పృహ కలుగుతుందని ఆ అధ్యయనం తేల్చింది. వేగం అనే ఒక్క అంకె ఇన్నిటికి ప్రతినిధిగా నిలవగలదా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

నిలవగల సందర్భాలు ఉన్నాయి. డుషేన్ అనే కండరాల క్షీణత వ్యాధి ఉన్న పిల్లల చీలమండకు పరికరం కట్టి, వారు రోజుల తరబడి వేసిన అంగల్లో అత్యంత వేగవంతమైనవి ఎంత వేగంగా ఉన్నాయో కొలిచే సూచికను ఐరోపా ఔషధ సంస్థ 2019లో మందుల పరీక్షల్లో అదనపు కొలతగా, 2023లో ప్రధాన కొలతగా అంగీకరించింది. ఆసుపత్రిలో ఆరు నిమిషాలు నడిపించినప్పుడు పిల్లవాడి ఆనాటి హుషారు, అలసట ఫలితాన్ని తారుమారు చేస్తాయి. ఇంట్లో ఆడుకుంటూ పరుగెత్తినప్పటి అంగకు ఆ బెడద లేదు.

తెలుగు నేల మీద కూడా ఇటువంటి కొలతలు జరిగాయి. హైదరాబాదు శివారు గ్రామాల్లో 47 మంది, అంటే 24 మంది స్త్రీలు, 23 మంది పురుషులు తమ వెంట జీపీఎస్ పరికరాన్ని ఉంచుకోగా, 192 రోజుల రాకపోకలను విశ్లేషించిన అధ్యయనం 2017లో వెలువడింది. స్త్రీల కంటే పురుషుల తిరుగుడు విస్తారంగా ఉందని అది చూపింది. భారత, నేపాల్ గ్రామాల్లో స్త్రీపురుషులు ఏ పనికి ఎంత సమయం, ఎంత శక్తి వెచ్చిస్తున్నారో యాక్సిలరోమీటర్లతో అంచనా వేసిన మరో అధ్యయనం 2020లో వరల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మెలిక కనిపిస్తుంది. ఎంత దూరం తిరిగారన్నది కొలతైతే ఇంటి చుట్టూ, పొలంలో పనిచేసే స్త్రీ కదలిక తక్కువగా తేలుతుంది; ఎంత శ్రమపడ్డారన్నది కొలతైతే అదే స్త్రీ లెక్క మారిపోతుంది.

మిరప తోటలో ఈ మెలిక మరింత బిగుసుకుంటుంది. నడక విడత అంటే ఏమిటో పరిశోధకులు ఒక ఒప్పందానికి వచ్చారు. రెండు కాళ్ళతోనూ వరుసగా కొన్ని అంగలు పడితేనే దాన్ని విడతగా లెక్కిస్తారు, విశ్లేషణలో పది సెకన్లు, ముప్ఫై సెకన్లు దాటిన విడతలకు ప్రత్యేకమైన విలువనిస్తారు. ఒక అడుగు వేసి, ఆగి, నాలుగు కాయలు తెంపి, మరో అడుగు వేసే కూలీ మనిషి ఈ నిర్వచనం ప్రకారం రోజులో అధిక భాగం నడవనట్టే లెక్క. నడుం వెనుక కట్టిన పరికరం అంగ పొడవును లెక్కగట్టే పద్ధతుల్లో చాలావరకు కాలిని తలకిందులైన లోలకంగా భావించి, శరీరం ఎంత పైకి లేచి దిగిందో దాన్నిబట్టి దూరాన్ని ఊహిస్తాయి. వాన పడిన నల్లరేగడిలో పాదం దిగబడి, చెప్పులకు బంక మట్టి అంటుకున్నప్పుడు, నెత్తిన బస్తా ఉండి తల కదలకుండా మోకాళ్ళు వంచి నడిచినప్పుడు ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందన్నది పొలంలోనే పరీక్షించి తేల్చుకోవాల్సిన విషయం. నడక నెమ్మదించినకొద్దీ అడుగులను గుర్తించడంలో తప్పులు పెరుగుతాయన్నది ఈ పరికరాల విషయంలో తెలిసిన సంగతే. కట్టుకునే చోటు కూడా సమస్యే: చీరకట్టు ముడి, పత్తి ఒడి, పరికరం పట్టీ మూడూ ఒకే నడుము మీదికి వస్తాయి.

విచిత్రమేమిటంటే, వంగి ఉన్న సమయాన్ని పరికరం నమోదు చేస్తూనే ఉంటుంది. భూమ్యాకర్షణ దిశను బట్టి నడుము ఎంత కోణంలో ఎన్ని గంటలు ఒరిగి ఉందో, ఎన్నిసార్లు నిటారుగా లేచి మళ్ళీ వంగిందో, మధ్యాహ్నం తరువాత లేవడానికి పట్టే సమయం ఎంత పెరిగిందో ఆ అంకెల్లోంచి రాబట్టవచ్చు. నడకను మాత్రమే వెతికే లెక్క దాన్ని పనికిరాని భాగంగా పక్కన పెడుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో కొత్త యంత్రం కనిపెట్టాల్సిన అవసరం అంతగా లేదు. నడుం నొప్పి ఉన్న కూలీ, ఫ్లోరోసిస్‌తో మెడ బిగిసిన రైతు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి తమకు ఏ కదలిక పోయిందని బాధపడుతున్నారో, ఏది తిరిగి వస్తే బాగుపడినట్టు భావిస్తారో ముందు విని, దాన్నిబట్టి ఆ లెక్కను రాసుకోవాలి. ఒకరు సాలు చివరిదాకా నడుం ఎత్తకుండా పోగలగడం అంటారు, మరొకరు ఎవరి సాయం లేకుండా మరుగుదొడ్డికి వెళ్ళి రావడం అంటారు. ఈ రెండోది చాలామంది పైకి చెప్పరు; అడిగే పద్ధతి, అడిగే మనిషి ఎవరన్నదాన్ని బట్టి చెబుతారు.

అడిగే మనిషి విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ఒక సౌలభ్యం ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారి కోసం ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి నింపే జాతీయ ప్రశ్నావళిలో అరవై దాటినవారికి ప్రత్యేకమైన ప్రశ్నలు ఉన్నాయి: నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉంటుందా, కదలికకు అడ్డుపడే వైకల్యం ఏదైనా ఉందా, తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి, నడవడానికి, మరుగుదొడ్డికి ఇతరుల సాయం కావాలా అన్నవి వాటిలోవే. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం వైద్యుణ్ణి ఊళ్ళోకే పంపేందుకు ఉద్దేశించిన ఏర్పాటు. అంటే పరికరం చెప్పే అంకెకు పక్కన పెట్టుకోవడానికి ఇంటి గుమ్మంలో దొరికే మాట ఇప్పటికే ఉంది. అయితే చేతిలో పరికరం ఉన్నంత మాత్రాన జీవితం మారదని కూడా ఈ రాష్ట్రమే చూపింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ గోదావరి గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్లెట్లు ఇచ్చి గుండె జబ్బుల ముప్పును గుర్తించే పద్ధతిని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పరీక్షించినప్పుడు, ముప్పున్నవారిని గుర్తించడం, వారిని వైద్యం దాకా చేర్చడం మెరుగుపడ్డాయి కానీ రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

నమ్మకం అన్నింటికంటే సున్నితమైనది. ఈ రాష్ట్రంలో నడవలేకపోవడానికి ఒక ప్రభుత్వ విలువ ఉంది: 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000 రూపాయలు, సదరం శిబిరంలో వైద్యులు వైకల్యాన్ని నూటికి ఇంత అని నిర్ణయిస్తారు, 2025లో ఆ ధ్రువపత్రాల పునఃపరిశీలన కూడా జరిగింది. ఇటువంటి చోట పరిశోధన పేరుతో నడుముకు పెట్టె కట్టి పగలంతా అడుగులు లెక్కిస్తామంటే, నాలుగు అడుగులు ఎక్కువ వేస్తే పింఛను పోతుందేమోనన్న అనుమానం కలగడం అజ్ఞానం కాదు, లెక్క తెలిసిన అనుభవం. ఆ అనుమానంతో మనిషి మంచం దిగకపోతే కొలత మొత్తం అబద్ధమవుతుంది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికే అని ఇచ్చినదై ఉండాలంటుంది; సంతకం లేదా వేలిముద్ర తీసుకునే ముందు ఈ అంకెలు సదరం శిబిరానికి వెళ్ళవు అన్న ఒక్క వాక్యం తెలుగులో చెప్పి, ఆ మాటకు కట్టుబడే ఏర్పాటు చేయడం ఆ నిబంధనకు ఇక్కడి అనువాదం.

పరికరాన్ని ఏ వారంలో కట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఐరోపాలో ఏడు రోజుల కొలత మనిషి మామూలు జీవితానికి నమూనాగా సరిపోవచ్చు. ఇక్కడ మాఘంలో కోతల వారానికీ, మే నెలలో పనిలేని వారానికీ ఒకే మనిషి రెండు వేర్వేరు శరీరాలతో ఉన్నట్టే ఉంటుంది, వలస వెళ్ళిన మనిషైతే ఊరే మారిపోతుంది. ఏడాదిలో ఏ వారం తమ వారమో కూలీలనే అడిగితే, కోతలు ముగిసి డబ్బు చేతికొచ్చాక నడుం తన సంగతి చెప్పే మొదటి నాలుగు రోజులను ఎంచుకునేవారు కూడా ఉండవచ్చు.